కువైట్ పెట్టె, కడప ఎండ



మీరు ఈ మాటలు ఆకాశవాణి కడపలో, మీడియం వేవ్ మీద వింటూ ఉంటే మీ రేడియో ముల్లు ఇప్పుడు 900 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. సెకనుకు తొమ్మిది లక్షల సార్లు ఊగే తరంగం మీదెక్కి నా గొంతు మీ ఇంటికి వస్తోందన్నమాట. ఆ ఊపు పిసరంత కూడా అటూ ఇటూ కాకుండా చూసేది ఒక క్వార్ట్జ్ క్రిస్టల్. గోరంత బిళ్ళ. కరెంటు తగిలితే తన మందానికి తగ్గ వేగంతో అదురుతుంది. కంప్యూటర్లోనూ అలాంటి బిళ్ళే ఉంటుంది. దాని అదురును లెక్కపెట్టుకుంటూ ప్రాసెసర్ ఒక్కో అడుగు వేస్తుంది. తయారు చేసినవాళ్ళు ఇంత అని చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో ఆ అడుగులు వేయించడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు.

ఇప్పటి కొత్త కంప్యూటర్లలో ఆ పని కుర్చీలో కూర్చుని నాలుగు మీటలు నొక్కితే అయిపోతుంది. అందులో నాకు పెద్ద ఆసక్తి లేదు. నలభై ఏళ్ల నాటి ఇంటి కంప్యూటర్ మూత విప్పి, సోల్డరింగ్ ఐరన్ చేతబట్టి చేసేది వేరే విద్య. దాన్ని కడప, కర్నూలు ఎండల్లో చేయడం ఇంకా వేరు. అదెందుకు వేరో చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

అసలు మన వైపు నలభై ఏళ్ల నాటి ఇంటి కంప్యూటర్లు ఎక్కడివని మీకు అనుమానం రావచ్చు. హైదరాబాదులో ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ చేసింది గానీ అది ఇంట్లో బల్ల మీద పెట్టుకునే సరుకు కాదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద 250 బడులతో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు ఇంగ్లండు వారి బీబీసీ మైక్రోలు దేశంలో దిగాయి. అవి బడి సొత్తు, తాళం వేసిన గదిలో ఉండేవి. నేను చెప్పబోయేది మాత్రం ఒక ఇంటి అటక మీద దొరికింది. అది గల్ఫ్ దారిన వచ్చింది.

రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి వైపు కువైట్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. ఇప్పుడు జిల్లాలు మారాయి గానీ, అప్పటికి అదంతా కడప జిల్లాయే. టూ-ఇన్-వన్ టేపు రికార్డర్లు, వీసీఆర్లు, మిక్సీలు ఎలా వచ్చాయో అలాగే ఒకరింటికి కీబోర్డులాంటి పెట్టె ఒకటి వచ్చింది. మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కనే అరబ్బీ అక్షరాలు. పేరు సఖ్ర్.

కువైట్‌లో ముహమ్మద్ అల్ షారిఖ్ అనే వ్యాపారి 1982లో మొదలుపెట్టిన సంస్థ అది. కంప్యూటర్‌కు అరబ్బీ నేర్పాలన్నది ఆయన పట్టుదల. సరిగ్గా ఆ సమయంలోనే, 1983 జూన్‌లో, జపాన్‌లో కజుహికో నిషి అనే ఆయన మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఎమ్మెస్సెక్స్ అని ఒక ప్రమాణం ప్రకటించాడు. ఏ కంపెనీ తయారు చేసినా లోపలి అమరిక ఒకటే ఉండాలి, ఒకదాని ప్రోగ్రాము ఇంకోదాంట్లో ఆడాలి, ఇదీ ఒప్పందం. సోనీ, పానసోనిక్, యమహా, సాన్యో, కొరియా వారి దేవూ అందరూ చేరారు. సఖ్ర్ వారు యమహా, సాన్యోల చేత యంత్రాలు చేయించి, అరబ్బీ కలిపి గల్ఫ్ అంతటా అమ్మారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగాక మనవాళ్ళు వేలమంది కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. కాబట్టి ఇక్కడి ఇళ్ళలో ఉన్న అప్పటి సామాను చాలావరకు అంతకుముందు సెలవులకు వచ్చినప్పుడు తెచ్చుకున్నదే.

ఈ పెట్టె ఇంటాయన తన మనవడి చేత నా దగ్గరికి పంపించాడు. ప్లగ్గు మూడు పలక కాళ్ళది. కువైట్‌లో ఇంగ్లండు పద్ధతి సాకెట్లు కదా. దానికి మన గుండ్రటి కాళ్ళ సాకెట్ సరిపోదు గానీ, అడాప్టర్ తగిలిస్తే చాలు. టీవీతో పేచీ లేదు. రెండు దేశాల్లోనూ పాల్ పద్ధతి రంగులే. ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది, ప్రోగ్రాములు రాసే బేసిక్ భాష వచ్చింది. కుర్రవాడు కాసేపు చదరంగం ఆడి, యంత్రం తన ఎత్తు వేయడానికి మూడు నిమిషాలు తీసుకుంటుంటే విసుగెత్తి, “సార్, దీన్ని కాస్త గబగబా ఆలోచించేట్టు చెయ్యలేమా?” అన్నాడు.

చెయ్యొచ్చు. ఎంతవరకు అన్నదే ప్రశ్న.

లోపల ఉన్న ప్రాసెసర్ పేరు జెడ్80ఏ. ఫెడెరికో ఫాజిన్ అనే ఇటలీ ఇంజనీరు, మసతోషి షిమా అనే జపాన్ ఇంజనీరు ఇంటెల్‌లో ఉండగా 8080 మీద పనిచేశారు. తర్వాత బయటికొచ్చి జైలాగ్ కంపెనీ నుంచి 1976లో జెడ్80ని తెచ్చారు. సుమారు 8,500 ట్రాన్సిస్టర్లు, నలభై కాళ్ళు. ఇవాళ మీ జేబులో ఫోనులో ఉన్న చిప్పులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి, ఆ లెక్కన ఇది ఏపాటి? అయినా దానికి ఉన్న గొప్పతనం ఏమిటంటే, ఒక మనిషి మొత్తం అర్థం చేసుకోగలిగినంతే ఉంటుంది.

ఈ జెడ్80 రకరకాల వేగాల్లో వచ్చేది. మామూలుది 2.5 మెగాహెర్ట్జ్. ఏ అక్షరం ఉంటే 4, బీ ఉంటే 6, హెచ్ ఉంటే 8. చిప్పుల పరిశ్రమలో ఒక రివాజు ఉంది. ఒకే సిలికాన్ పలక నుంచి కోసిన ముక్కలన్నీ ఒకే వేగంతో పనిచేయవు. ఒక్కోదాన్ని పరీక్షించి, ఏ వేగానికి నిలబడితే ఆ ముద్ర వేస్తారు. ఎక్కువ వేగానికి నిలబడ్డవి మరీ ఎక్కువై, తక్కువ వేగం సరుకుకు గిరాకీ ఉంటే, మంచివాటి మీద కూడా తక్కువ ముద్రే వేసి పంపేస్తారు. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళందరూ ఆశపడేది ఇలాంటి చిప్పు తమకు తగలాలనే.

ముద్రలో ఇంకో సంగతి కూడా దాగి ఉంది. నాలుగు మెగాహెర్ట్జ్ అని రాస్తే, చుట్టూ గాలి సున్నా నుంచి 70 డిగ్రీల దాకా ఎంత ఉన్నా, ఐదు వోల్టుల కరెంటు 4.75కి పడినా 5.25కి లేచినా, నాలుగుతో నడుస్తుందని హామీ. అంటే బాగా వేడెక్కి, వోల్టేజి కూడా తగ్గిన గడ్డు పరిస్థితికి సరిపడా జాగా ముందే వదిలిపెట్టి ఉంచారు. చల్లటి గదిలో, నికరమైన ఐదు వోల్టుల మీద ఆ జాగా అంతా మిగులే. ఆ మిగులునే మనం వేగం కింద ఖర్చు పెట్టుకుంటాం. ఇంగ్లండులోనో నెదర్లాండ్స్‌లోనో కూర్చున్నవాడికి ఇది దాదాపు ఉచితంగా దొరికే వేగం.

మనకు ఉచితం కాదు. మే నెలలో కర్నూలులో గానీ కడపలో గానీ నీడపట్టున 42, 43 డిగ్రీలు మామూలు మాట. మిద్దె ఇంట్లో సాయంత్రానికి గోడలు కూడా కాగి ఉంటాయి. పెట్టె మూత వేశాక లోపల ఇంకో పదిహేను ఇరవై డిగ్రీలు ఎక్కువ. అంటే చిప్పు చుట్టూ గాలి అరవై డిగ్రీలు. హామీ ఇచ్చిన 70కి లోబడే ఉంది కాబట్టి అసలు వేగంతో నడిపితే ఏ ఇబ్బందీ లేదు. కానీ మిగులు అన్నది దాదాపు కరిగిపోయింది. మన వైపు ఒకే బావికి అన్నదమ్ములు ముగ్గురు మూడు మోటర్లు బిగిస్తారే, అలాంటి వ్యవహారం ఇది. ఎండ ఒక మోటరు, వోల్టేజి ఒక మోటరు, మనం పెంచే వేగం మూడోది. నీళ్ళు మాత్రం అవే.

ఎండకు చిప్పు ఎందుకు మందగిస్తుంది? సిలికాన్ వేడెక్కితే దాని పరమాణువులు ఎక్కువగా కదులుతాయి, వాటి మధ్య నుంచి పోయే ఎలక్ట్రాన్లకు అడ్డు ఎక్కువవుతుంది. ట్రాన్సిస్టర్ గుండా పారే కరెంటు తగ్గుతుంది. తర్వాతి ట్రాన్సిస్టర్‌కు కబురు అందాలంటే మధ్యలోని తీగ, దాని గేటు ఆ కరెంటుతో నిండాలి. కరెంటు పలచబడితే నిండడానికి సమయం పడుతుంది. ఒక అడుగుకు దొరికే సమయం ఈ యంత్రం అసలు వేగమైన 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 279 నానోసెకన్లు. వేగం పెంచితే ఆ సమయం తగ్గుతుంది. ఎండ పెరిగితే పనికి పట్టే సమయం పెరుగుతుంది. రెండూ ఎక్కడో ఒకచోట ఢీకొంటాయి. అప్పుడు ప్రాసెసర్ సగం లెక్క మీదే తర్వాతి అడుగు వేస్తుంది, తెర మీద పిచ్చి అక్షరాలు.

ఓవర్‌క్లాక్ చేస్తే చిప్పు కాలిపోతుందని చాలామంది భయపడతారు. కొత్త చిప్పుల విషయంలో ఆ భయం సబబే. వాటిలో వేగం ఎంత పెరిగితే వేడి అంత పెరుగుతుంది, వోల్టేజి పెంచితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. పాత జెడ్80 అలా కాదు. అది ఎన్‌మాస్ అనే పాత పద్ధతిది, పని ఉన్నా లేకపోయినా కరెంటు తాగుతూనే ఉంటుంది. కాబట్టి 3.58 నుంచి, తర్వాత నేను చెప్పబోయే 5.37కి పెంచినా చిప్పు మీద వేలు పెడితే తేడా తెలియదు. దాన్ని ఓడించేది లోపలి వేడి కాదు, బయటి ఎండ. అందుకే ఇంగ్లీషు పుస్తకాల్లో రాసే ఫ్యాన్లు, హీట్‌సింకుల సలహా మనకు సగమే ఉపయోగం. ఫ్యాను విసిరేది గదిలోని గాలినే, ఆ గాలే 43 డిగ్రీలైతే అది ఎంత చల్లబరుస్తుంది?

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. అప్పటి మెమరీ చిప్పుల్లో సమాచారం చిన్న చిన్న ఛార్జీల రూపంలో ఉంటుంది. అవి కారిపోతుంటాయి కాబట్టి క్షణక్షణం మళ్ళీ నింపాలి. ఎండకు కారడం ఎక్కువ, పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు. జెడ్80 తన ప్రతి ఆదేశాన్ని తెచ్చుకునేటప్పుడు ఆ నింపే పని కూడా చేసుకుంటూ పోతుంది. మనం వేగం పెంచితే నింపడం కూడా త్వరత్వరగా జరుగుతుంది. ఎండకు ఓవర్‌క్లాకింగ్ చేసే మేలు, నాకు తెలిసి, ఇదొక్కటే.

ఇక కరెంటు సంగతి. ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం 1994లోనే మొదలైంది, కరెంటు మన గడ్డ మీదే పుడుతోంది. అయినా పల్లెల్లో బోరు మోటర్లన్నీ ఒక్కసారి ఆడితే లైట్లు గుడ్డిగా వెలగడం మీకు నేను చెప్పాలా? అప్పటి ఇంటి కంప్యూటర్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్, దాని తర్వాత 7805 లాంటి రెగ్యులేటర్ ఉంటాయి. ఇంగ్లండులో ఎంతో పేరున్న సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌లో కూడా ఇదే ఏర్పాటు. బయటి నుంచి తొమ్మిది వోల్టులు వస్తే 7805 ఐదు మాత్రం లోపలికి వదిలి, మిగిలిన నాలుగింటినీ వేడిగా మార్చి పారబోస్తుంది. ముప్పావు ఆంపియర్ కరెంటు తీసుకుంటే మూడు వాట్ల వేడి. మోటర్లు ఆగిపోయి లైను వోల్టేజి లేస్తే ఆ తొమ్మిది పదకొండు అవుతుంది, వేడి నాలుగున్నర వాట్లు. లైను పడిపోతే ఇంకో తంటా. ఆ రెగ్యులేటర్‌కు కనీసం ఏడు వోల్టులైనా అందకపోతే ఐదు ఇవ్వలేదు. అప్పుడు తెర మీద అడ్డంగా నల్లటి పట్టీలు పాకుతాయి. ఆ పట్టీలు కనబడుతుంటే ముందు స్టెబిలైజర్ కొనండి. వేగం మాట తర్వాత.

నా బల్ల మీద పరిచింది కడప బండ. సోల్డరింగ్ ఐరన్ జారి పడినా మచ్చ పడదు. పెట్టె తెరిచేముందు నేను మొదట చేసేది నేల తుడిపించి, తడి ఆరకముందే కూర్చోవడం. మన ఎండు గాలిలో పాలియెస్టర్ చొక్కా విప్పితే చిటపటమనేది స్టాటిక్ కరెంటు. దాని దెబ్బకు చిప్పు లోపల కంటికి కనబడని రంధ్రం పడుతుంది, ఆ రోజు పనిచేసి వారానికి చస్తుంది. నూలు చొక్కా, భూమికి కలిపిన ఒక తీగ మణికట్టుకు. ఇంతే జాగ్రత్త.

ఇప్పుడు వేగం ఎక్కడి నుంచి తేవాలి? టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి వీడియో చిప్పు ఉన్న ఎమ్మెస్సెక్స్ యంత్రాల్లో క్రిస్టల్ 10.74 మెగాహెర్ట్జ్‌ది. దాన్ని మూడుతో భాగిస్తే వచ్చేదే 3.58. క్రిస్టల్‌నే పీకి పెద్దది పెట్టేద్దామని ఉత్సాహపడేవాళ్ళుంటారు. అలా పెడితే బొమ్మ పోతుంది, ఎందుకంటే టీవీకి వెళ్ళే ప్రతి గీతా ఆ క్రిస్టల్ లెక్కతోనే నడుస్తుంది. ఆకాశవాణి కడప ఉన్నట్టుండి 900 వదిలి ఇంకోచోటికి పోతే మీ రేడియోలో ఏమొస్తుంది? గరగర. కంప్యూటర్లో కూడా ఒక లయను నమ్ముకుని చాలామంది బతుకుతున్నారు. మార్చాల్సింది ప్రాసెసర్‌కు అందే లయను మాత్రమే.

10.74ని మూడుతో కాక రెండుతో భాగిస్తే 5.37 వస్తుంది. అంటే ఒకటిన్నర రెట్లు. ఈ తెలివి నాది కాదు, పానసోనిక్ వారు 1988లో తమ ఎఫ్‌ఎస్-ఏ1డబ్ల్యూఎక్స్ యంత్రంలో కంపెనీ తరఫునే ఈ 5.37 వేగాన్ని ఇచ్చారు. బ్రెజిల్, స్పెయిన్, నెదర్లాండ్స్‌లలోని అభిమానులు ఏడు మెగాహెర్ట్జ్ దాకా వెళ్ళారు. నేను 5.37 దగ్గర ఆగమంటాను.

జెడ్80లో లయ అందేది ఆరో కాలికి. చిప్పును సాకెట్లోంచి మెల్లగా పైకి లేపి, ఆరో కాలిని మాత్రం బయటికి వంచి, మిగతా ముప్పై తొమ్మిదినీ మళ్ళీ సాకెట్లో దించాలి. వంచేటప్పుడు ఒక్కసారే వంచాలి. ముందుకూ వెనక్కూ ఆడిస్తే పాత లోహం పుటుక్కున విరుగుతుంది. ఆ కాలికి ఒక సన్నటి తీగ. తీగ రెండో కొస ఒక 74ఎల్ఎస్74 చిప్పుకు. అందులో రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు ఉంటాయి. ఒకటి రెండుతో భాగించే పని చేస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. మనం స్విచ్చి వేసే క్షణంలో పాత లయ సగంలో తెగి, కొత్తది సగంలో మొదలైతే మధ్యలో ఒక కుంటి అదురు పుడుతుంది, దానికి ప్రాసెసర్ కుప్పకూలుతుంది. అడుగు పూర్తయ్యాకే మార్పు జరిగేట్టు ఈ రెండో ఫ్లిప్‌ఫ్లాప్ కాపలా కాస్తుంది. జెడ్80 ఇంకో మొండితనం కూడా చూపిస్తుంది. లయ పైకి లేచినప్పుడు దాదాపు ఐదు వోల్టుల దాకా లేవాలి, మూడున్నర దగ్గర ఆగితే ఒప్పుకోదు. అందుకని ఆ తీగ నుంచి ఐదు వోల్టులకు 330 ఓముల రెసిస్టర్ ఒకటి. పని చేయడం లేదని నా దగ్గరికి తెచ్చినవాటిలో ఎక్కువ భాగం ఈ ఒక్క రెసిస్టర్ లేకనే.

ఇంత చేశాక మొదట ఎవరు మొరాయిస్తారు? ప్రాసెసర్ కాదు. వీడియో చిప్పు. దానికి ఒక అక్షరం అందిస్తే తన మెమరీలో సర్దుకోవడానికి ఎనిమిది మైక్రోసెకన్ల దాకా పట్టొచ్చు. ఆ మాట తెలిసిన ప్రోగ్రామర్లు 3.58 లెక్కన 29 అడుగులు ఆగి తర్వాతిది అందించేట్టు రాశారు. 5.37 దగ్గర అవే 29 అడుగులు ఐదున్నర మైక్రోసెకన్లలో అయిపోతాయి. వీడియో చిప్పు ఇంకా మొదటిది మింగకముందే రెండోది వచ్చి పడుతుంది. తెర మీద అక్కడక్కడా అక్షరాలు ఎగిరిపోతాయి. వీడియో దగ్గరికి పోయినప్పుడల్లా ప్రాసెసర్‌ను కాసేపు ఆపే చిన్న సర్క్యూట్ పెడితే గొడవ తీరుతుంది.

ఆటల విషయంలో తమాషా. అన్నీ వేగం పుంజుకుంటాయని పిల్లలు అనుకుంటారు. కొనామీ లాంటి మంచి కంపెనీల ఆటలు టీవీ బొమ్మ మారే వేగాన్ని, అంటే సెకనుకు యాభైని, చూసుకుని నడుస్తాయి. అవి ముందున్న వేగంతోనే ఆడతాయి, కాకపోతే తెర మీద శత్రువులు ఎక్కువైనప్పుడు వచ్చే నత్తనడక పోతుంది. అడుగులు లెక్కపెట్టుకుని నడిచే చౌక ఆటలు మాత్రం చేతికి అందనంత వేగంగా పరుగెడతాయి.

పని సరిగ్గా సాగుతోందో లేదో చూడ్డానికి నేను వాడే పరికరం చెబితే నవ్వుతారు. ఒక జేబు రేడియో. పెట్టె పక్కన పెట్టి, ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలబెడితే ప్రాసెసర్ చేసే పనిని బట్టి గరగర మారుతూ వినిపిస్తుంది. వేగం మార్చగానే ఆ శబ్దం స్థాయి పెరుగుతుంది. యంత్రం బిగుసుకుపోతే ఒకటే కూత. 1975లో అమెరికాలో స్టీవ్ డాంపియర్ అనే ఆయన ఆల్టేర్ అనే కంప్యూటర్ పక్కన రేడియో పెట్టి, ఆ గరగరతోనే పాట పలికించి హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బులో అందర్నీ నోరెళ్ళబెట్టించాడు. మీడియం వేవ్ రేడియో ఎందుకూ పనికిరాదని అటకెక్కించినవాళ్ళు ఈ సంగతి వినాలి.

ఈ విద్య మన వైపు ఎక్కువమందికి పరిచయమైంది సఖ్ర్‌తో కాదు లెండి. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. దాని బస్సు, అంటే బోర్డుతో అది మాట్లాడే దారి, వేగాన్ని 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450 దగ్గర నడిచేది. కొన్ని బోర్డుల్లో అలా మార్చడానికి బీ21 అనే ఒక కాంటాక్టు మీద గోళ్ళ రంగు పూసేవాళ్ళు, లేదంటే టేపు ముక్క. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ నుంచో, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో విడిభాగాలు బస్సులో తెచ్చుకుని కర్నూలులో బిగించిన కంప్యూటర్లు ఎన్నో. తెలిసి చేసుకుంటే అది సరదా. దానికి కొంచెం ముందు కాలంలో, 133 పెంటియంను జంపర్ మార్చి 166 అని అంటగట్టే దొంగ వ్యాపారం కూడా ప్రపంచమంతా సాగింది. అలాంటి యంత్రాన్ని జనవరిలో కొన్నవాడికి ఏమీ తెలియదు. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం దాకా బిగుసుకుపోయేది, రాత్రి బాగా నడిచేది. వైరస్ అని ఒకరు, విండోస్ మళ్ళీ ఎక్కించాలని ఒకరు. మన ఎండే ఆ మోసాన్ని పట్టి ఇచ్చేది, కానీ ఎండ మాట నమ్మేవాడు లేడు.

ఆనాటి యంత్రాలు కర్నూలు పాతబస్తీలో ఇప్పుడు పెద్దగా దొరకవు. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర ఊళ్ళోకి వచ్చినప్పుడు మిద్దెల దాకా మునిగిన ఇళ్ళలో అవీ పోయాయి. ఒండ్రు కడిగి ఆరబెడితే నీళ్ళలో నానిన చిప్పులు చాలావరకు బతుకుతాయి. ట్రాన్స్‌ఫార్మర్లు, సాకెట్లు, స్విచ్చులు తుప్పు పట్టి పోతాయి. కాబట్టి అలాంటి బోర్డు ఎక్కడైనా కనబడితే తుక్కు కింద వేయకుండా చిప్పులు ఊడదీసి పెట్టుకోండి.

ఎందుకంటే కొత్తవి రావడం ఆగిపోయింది. జెడ్80ని జైలాగ్ 48 ఏళ్ల పాటు తయారు చేసింది. 2024 జూన్‌తో ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. అప్పటిదాకా చేసిన, ఎన్‌మాస్ తర్వాత వచ్చిన సీమాస్ పద్ధతి రకం జెడ్84సీ00లో 10 మెగాహెర్ట్జ్‌వి, 20 మెగాహెర్ట్జ్‌వి కూడా ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, మన ఎండల్లో 5.37 నడపాలనుకునేవాళ్ళు పాత 4 మెగాహెర్ట్జ్ చిప్పును సతాయించకుండా ఈ 10 మెగాహెర్ట్జ్ దాన్ని కొని సాకెట్లో పెట్టుకోవడం మేలు. అప్పుడు ప్రాసెసర్‌కు 70 డిగ్రీల హామీ అలాగే ఉంటుంది, బెంగ పడాల్సింది చుట్టూ ఉన్న మెమరీ గురించే. ఇది నిజమైన ఓవర్‌క్లాకింగ్ కాదని పట్టుదల గలవాళ్ళు ముక్కు విరుస్తారు. విరవనీండి.

కొనేటప్పుడు కళ్ళు తెరుచుకుని కొనాలి. పాత 4 మెగాహెర్ట్జ్ చిప్పుల ముఖం గీకి, నల్లరంగు పూసి, 10 అని కొత్తగా అచ్చేసి అమ్మేవాళ్ళున్నారు. దూదికి కొంచెం అసిటోన్ తడిపి రుద్దితే ఆ నలుపు ఊడొస్తుంది. దానికీ ఊడకపోతే ఇంకో పరీక్ష ఉంది. జెడ్80కి జైలాగ్ పుస్తకాల్లో రాయని ఆదేశాలు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి, ఈడీ 71 అనేది, పాత ఎన్‌మాస్ చిప్పులో సున్నాను బయటికి పంపుతుంది, సీమాస్ చిప్పులో 255ని పంపుతుంది. సీమాస్ అని అమ్మిన చిప్పు సున్నా పలికితే అమ్మినవాడికే తిప్పి పంపండి.

చివరగా పరీక్ష. వేగం పెంచిన యంత్రాన్ని డిసెంబరు పొద్దున పరీక్షించి బాగుందనుకోవడం దండగ. మెమరీ మొత్తం నింపుతూ, మళ్ళీ చదివి సరిచూసుకుంటూ పోయే చిన్న ప్రోగ్రాము రాసి, మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు, ఫ్యాను ఆపి, పెట్టె మూత బిగించి, సాయంత్రం ఐదు దాకా వదిలేయాలి. చలి దేశాల వాళ్ళు ఈ పరీక్షకు జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి చిప్పు మీదికి వేడి గాలి కొడతారు. మనకా ఖర్చు లేదు.

రాజంపేట వైపు నుంచి వచ్చిన ఆ పెట్టె పాత చిప్పుతో మధ్యాహ్నం దాకా నిలబడింది గానీ మూడున్నర తర్వాత తప్పులు మొదలయ్యాయి. చిప్పు మార్చాక ఐదు దాకా ఒక్క తప్పూ లేదు. చదరంగంలో మూడు నిమిషాల ఎత్తు ఇప్పుడు రెండు నిమిషాలు. కుర్రవాడికి అదీ ఎక్కువే అనిపించింది. వాళ్ళ తాత మాత్రం, “ఉండనీ, నాకూ ఆలోచించేదానికి కాస్త పొద్దు కావాల గదా” అన్నాడట.

ఒక్క సంగతి రాసి పెట్టుకోండి. ఆ చదరంగం క్యాసెట్ మీద ఉంటుంది. క్యాసెట్‌లోని కూతల్ని యంత్రం తన అడుగులతోనే కొలుచుకుని చదువుతుంది, అడుగుల వేగం మారితే కొలత తప్పుతుంది. కాబట్టి టేపు ఎక్కించేటప్పుడు స్విచ్చి 3.58 వైపే ఉండాలి. ఎక్కడం పూర్తయి, తెర మీద గళ్ళు కనబడ్డాక 5.37కి మార్చుకోవచ్చు.